ముందు సంతకం, తర్వాత సంతాపం

తుర్కపల్లిలో పుడితే వైరస్‌గా పుట్టాలి. మనిషిగా పుట్టి ఏం లాభం?

నవ్వులాట కాదు. షామీర్‌పేట చెరువు దాటి రాజీవ్ రహదారి మీద కాస్త ముందుకెళ్తే జీనోమ్ వ్యాలీ. లోయ ఎక్కడుందని వెతక్కండి, పేరులోనే ఉంది. 1999లో మొదలైన ఈ జాగాలో వైరస్‌కు జరిగే మర్యాదలు చూస్తే మనకు కుళ్లు పుడుతుంది. ఒక తలుపు మూసుకుంటేగానీ రెండో తలుపు తెరుచుకోదు. గదిలోని గాలి బయటికి పారిపోకుండా లోపల పీడనం తగ్గించి ఉంచుతారు. బయటికి వదిలే గాలిని హెపా ఫిల్టర్లలో వడగడతారు. వాడిన గాజు సీసా ఆటోక్లేవ్‌లో ఉడికిగానీ గడప దాటదు. లోపలికెళ్లే మనిషికి నెత్తి నుంచి పాదం దాకా ముసుగు. దీన్ని బీఎస్‌ఎల్-3 అంటారు. కోవాగ్జిన్ పుట్టింది ఇలాంటి కట్టుదిట్టాల్లోనే, ఈ తుర్కపల్లిలోనే. 2020 నవంబరు 28న ప్రధాని వచ్చి చూసి వెళ్లారు. ఆ తర్వాత దేశదేశాల రాయబారులు బస్సులెక్కి వచ్చి చూశారు. గర్వపడాల్సిందే. పడ్డాం కూడా.

ఎలుక సంగతి చూడండి. ప్రయోగశాల ఎలుకకు గది ఉష్ణోగ్రత ఎంత, తేమ ఎంత, దీపం ఎన్ని గంటలు వెలగాలి, అన్నిటికీ లెక్క. దాని ఒంటి మీద సూది పడాలంటే నైతిక కమిటీ ఒప్పుకోవాలి. జాతీయ స్థాయి జంతు వనరుల కేంద్రం ఒకటి ఇదే వ్యాలీలో పెట్టారు. బాగుంది. ఎలుకను ఎవరూ కాదనరు.

ఇప్పుడు ఏదో ఒక పారిశ్రామికవాడలో, ఏదో ఒక ప్రహరీ వెనక్కి నడవండి. ఏ కంపెనీ అని అడక్కండి. పేరు చెబితే మిగతావాళ్లంతా 'అమ్మయ్య, మనం కాదు' అని టీ తాగుతారు. అక్కడ మురుగు శుద్ధి చేసే ట్యాంకు ఉంటుంది. ఈటీపీ అంటారు. దాని అంచున ఒక కుర్రాడు ఉంటాడు. కాళ్లకు రబ్బరు చెప్పులు. ముక్కుకు కండువా.

"మాస్కు ఏది తమ్మీ?"

"స్టోరుల ఉన్నయ్ సార్."

"మరి తెచ్చుకోలేదేం?"

"ఆడిట్ అప్పుడు ఇస్తరు."

అయిపోయింది. మన కార్యస్థల భద్రత మీద ఇంతకంటే పెద్ద థీసిస్ ఎవరు రాయగలరు? ఆడిట్ అప్పుడు ఇస్తరు. ఆడిట్ అయ్యాక లెక్కపెట్టి మళ్లీ తీసుకుంటరు. ఒకటి తగ్గితే వాడి కూలీలో కోస్తరు.

ఆ ట్యాంకులో ఏముంటుందో తెలుసా? కుళ్లిన బురద నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్లు కోడిగుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ఆ కంపు పసిగట్టే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది, ఫరవాలేదని మనిషి దిగుతాడు. దిగినవాడు ఎక్కడు. వాణ్ని లాగుదామని రెండోవాడు దిగుతాడు. వాడి కోసం మూడోవాడు. దేశంలో ఏ మూల ట్యాంకు చావు వార్త చదివినా ఇదే వరస, ఇదే కథ. కావాల్సింది ఏమిటి? గ్యాస్ కొలిచే మీటరు, గాలి ఊదే బ్లోయరు, నడుముకు తాడు, పైన కదలకుండా నిలబడే ఒక మనిషి. రాకెట్ సైన్సు కాదు. వైరస్‌ను బంధించగలిగిన బుర్రలకు ఇది చేతకాదా?

చేతకాక కాదు. పట్టక.

అన్ని కంపెనీలూ ఇంతేనా అని మీరు నన్ను నిలదీయొచ్చు. కాదు. ఒప్పుకుంటాను. అద్దంలా మెరిసే ప్లాంట్లు ఉన్నాయి. ఎప్పుడు మెరుస్తాయన్నదే ప్రశ్న. హైదరాబాద్ ఫార్మా వాడిని నిద్రలో లేపి 'ఫోర్ ఎయిటీ త్రీ' అనండి. దిండు వదిలేసి పరిగెడతాడు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ, అదే యూఎస్‌ఎఫ్‌డీఏ, తనిఖీ చివర్లో లోపాలు రాసిచ్చే ఫారం నంబరు 483. అది వస్తే షేరు పడుతుంది. షేరు పడితే గుండె పడుతుంది. అందుకని వాళ్లు వస్తున్నారంటే గోడమీది బల్లికి కూడా సెలవిస్తారు. రిజిస్టరులో దిద్దుబాటు ఉండదు. చేతికి గ్లవ్స్ లేనివాడు ఉండడు. నేల మీద చుక్క నీరు ఉండదు. మూడు నెలల ముందు నుంచే కన్సల్టెంట్లు దిగుతారు, రిహార్సల్ తనిఖీలు నడుస్తాయి.

అంటే ఏమిటి? క్రమశిక్షణ మనకు వచ్చు. శుభ్రత వచ్చు. పద్ధతి రాసుకుని, రాసుకున్నట్టు చేసి, చేసినట్టు రుజువు చూపడం వచ్చు. కాకపోతే ఆ అమెరికా దొర చూసేది మాత్ర స్వచ్ఛంగా ఉందా లేదా అని. మాత్ర చేసినవాడు సాయంత్రం ఇంటికెళ్లాడా లేదా అన్నది ఆయన పని కాదు. అది చూసుకోవాల్సింది మన ఫ్యాక్టరీల శాఖ. మన ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే ఏ షేరు పడింది? ఎవడి నిద్ర పోయింది? 'భోజనం ఎక్కడ చెప్పమంటారు సార్' అన్న ప్రశ్న తప్ప ఇంకేం లేచింది?

సరే, మార్చి 4కు వద్దాం. పండగ కదా. 1966లో అదే రోజున జాతీయ భద్రతా మండలి పుట్టింది. 1972 నుంచి ఆ రోజును భద్రతా దినంగా జరుపుతున్నారు. రోజు కాస్తా వారమైంది. భద్రత మాత్రం అక్కడే ఉంది.

పండగ ఎలా జరుగుతుందో చూడనివాళ్ల కోసం. పొద్దున్నే షామియానా. చీఫ్ గెస్టుకు బొకే. ఆకుపచ్చ జెండా ఎగరేస్తారు. చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేయిస్తారు. అధికారి ఒకాయన మైకు పట్టుకుని 'మీ కోసం ఇంటి దగ్గర ఒకరు ఎదురుచూస్తుంటారు' అని ఏడిపిస్తాడు. నినాదాల పోటీ ఉంటుంది. మొదటి బహుమతి హెచ్ఆర్‌లో కూర్చునే ఆవిడకు వస్తుంది. ఆవిడ ఎదుర్కొనే అతి పెద్ద ప్రమాదం ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం. బహుమతి స్టీలు టిఫిన్ డబ్బా. సమోసా, టీ. ఫొటో. ఆ ఫొటో సాయంత్రానికి లింక్డ్‌ఇన్‌లో: 'భద్రత మా సంస్కృతి'.

మరి రియాక్టర్ దగ్గర పనిచేసే కాంట్రాక్టు కూలీలు ఎక్కడ? పనిలో. ప్లాంటు నడవాలి కదా! వాళ్లను కూడా పిలిస్తే ప్రొడక్షన్ ఎవరు చేస్తారు, మీ నాయన చేస్తాడా?

అన్నట్టు, ఆ షామియానా పైన బ్యానర్ కట్టినవాణ్ని నేను చూశాను. ఒక చోట. డ్రమ్ము మీద స్టూలు, స్టూలు మీద వాడు. కింద ఇద్దరు డ్రమ్ము పట్టుకున్నారు. బ్యానర్ మీద రాసింది: 'ఎత్తులో పనికి బెల్టు తప్పనిసరి.'

గేటు దగ్గర ఇంకో బోర్డు ఉంటుంది. 'ప్రమాదం లేని రోజులు' అని, పక్కన ఒక అంకె. రోజూ సెక్యూరిటీ వాడు ఒకటి పెంచుతాడు. ఆ అంకె పెరుగుతుందే గానీ సున్నాకు రాదు. ఎలా వస్తుంది? సున్నా అయితే మేనేజర్ ఇంక్రిమెంటు కూడా సున్నా. అందుకని వేలు తెగినవాణ్ని ఏం చేస్తారు? ఈఎస్ఐకి తీసుకెళ్తే కాగితం పుడుతుంది. కాగితం పుడితే కేసు పుడుతుంది. సూపర్‌వైజర్ బండి మీద ఎక్కించుకుని దగ్గర్లోని ప్రైవేటు క్లినిక్కుకు తీసుకెళ్తాడు. "ఇంట్ల కత్తి తెగింది అని చెప్పు బిడ్డా, పైసలు మేం కడ్తం." కట్టు కట్టిస్తారు. నాలుగు రోజులు హాజరు వేస్తారు. ఐదో రోజు రాకపోతే పేరు కొట్టేస్తారు. బోర్డు మీద అంకె నిక్షేపంగా పెరుగుతుంది. ప్రమాదాలు తగ్గించడానికి పెట్టిన బోర్డు ప్రమాదాలు దాచడానికి పనికొస్తోంది. దాచిన చిన్న ప్రమాదమే తర్వాత పెద్దదై వస్తుందని వాళ్ల ట్రైనింగ్ పుస్తకంలోనే రాసి ఉంటుంది. చదివిందెవరు?

పర్మిట్ పుస్తకం ఇంకా గొప్పది. వెల్డింగు చేయాలన్నా, ట్యాంకులో దిగాలన్నా ముందు పర్మిట్ రాయాలి. చుట్టుపక్కల సాల్వెంట్ ఉందా, గ్యాస్ కొలిచారా, మంటలార్పే సిలిండరు ఉందా, నిఘా మనిషి ఉన్నాడా, ఒక్కో గడికీ టిక్కు పెట్టాలి. చోటుకు వెళ్లి, చూసి, పెట్టాలి. పెడుతున్నది ఎక్కడ? పొద్దున్నే ఏసీ గదిలో, టీ తాగుతూ, వరసగా. గ్యాస్ రీడింగు గడిలో అన్ని రోజులూ ఒకే అంకె. గాలికి కూడా మనవాళ్ల మీద ఎంత గౌరవమో, ఒక్క పాయింటు అటూ ఇటూ కదలదు. అడిగితే జవాబు సిద్ధం: "ఏం గాదు తియ్ అన్నా, రోజూ చేసేదే గదా."

ఏం గాదు. నిజమే. ఏమీ కానంత వరకు ఏమీ కాదు.

2025 జూన్ 30న ఏమైందో గుర్తుందా? మరిచిపోయి ఉంటే మీ తప్పు కాదు, తర్వాత చాలా క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. సంగారెడ్డి జిల్లా పాశమైలారం. సిగాచి ఇండస్ట్రీస్. పొద్దున తొమ్మిది దాటింది. షిఫ్టు మొదలై ఎంతోసేపు కాలేదు. పేలింది. భవనం కూలింది. 54 మంది పోయారు. అందులో 8 మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. రోజులు గడిచాక, లేరు కాబట్టి పోయినట్టే అని తేల్చారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు, మన తెలుగువాళ్లు, ప్లాంటు ఉన్నతాధికారి కూడా. కుటుంబాలు గేటు దగ్గర, ఆసుపత్రి దగ్గర డీఎన్ఏ ఫలితాల కోసం కూర్చున్నాయి. తొలి గంటల్లో లోపల ఎంతమంది ఉన్నారన్నదే తేలలేదు. సినిమా హాల్లో ఎన్ని టికెట్లు తెగాయో ఫోన్లో చూడొచ్చు. ఫ్యాక్టరీలో ఎంతమంది ఉన్నారో చెప్పలేం. ఇదీ డిజిటల్ తెలంగాణ.

అక్కడ తయారయ్యేది ఏమనుకుంటున్నారు? బాంబు కాదు. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. చెక్క గుజ్జు నుంచి తీసే తెల్ల పొడి. మీరు మింగే చాలా మాత్రల్లో మందును పట్టి ఉంచేది ఇదే. విషం కాదు, కడుపులోకి పోయినా ఏమీ కాదు. కానీ సన్నటి పొడి గాలిలో లేచి, మూసిన చోట మబ్బులా కమ్మి, ఒక్క నిప్పురవ్వ తగిలితే ఇల్లు లేచిపోతుంది. దుమ్ము పేలుడు. నిపుణులు తొలి నుంచీ దీన్నే అనుమానించారు. కొత్త రహస్యం ఏమీ కాదు. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీ ఇలాగే పేలింది. 14 మంది పోయారు. పేలింది పంచదార దుమ్ము. మీరు టీలో వేసుకునే పంచదార! చీపురు సరిగ్గా పట్టి, గొట్టాలు శుభ్రం చేసి, పీడనం బయటికి పోయే దారులు పెడితే ఆగే చావులు. అంటే ఇక్కడ భద్రతకు మొదటి పనిముట్టు చీపురు. దాన్నీ బడ్జెట్‌లో కోత పెడితే ఏం చెప్పాలి?

ఆ తర్వాత నడిచిన నాటకం ఇంకా చేదు. చనిపోయిన కార్మికుడి కొడుకు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో ఏముంది? యంత్రాలు పాతబడ్డాయని తన తండ్రి చెప్పాడని, యాజమాన్యం పట్టించుకోలేదని. ఇక కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీలకు రాసిన ఉత్తరంలో ఏముంది? పేలింది రియాక్టర్ కాదు అని వివరణ. దాదాపు 90 రోజులు ఉత్పత్తి ఆగుతుందని అంచనా. ఎంత ఊరట! రియాక్టర్ కాదట. 90 రోజులేనట. తండ్రి పోయిన పిల్లలకు ఎన్ని రోజుల అంచనా వేశారో ఆ ఉత్తరంలో చూసి ఎవరైనా చెబితే వింటాను.

ముఖ్యమంత్రి వచ్చారు. కోటి రూపాయల పరిహారం అన్నారు. తనిఖీలు జరిగాయా అని అధికారులను అడిగారు. అయ్యా, ఆ ప్రశ్న అడగాల్సింది శవాల ముందా? తనిఖీల శాఖ ఎవరి చేతిలో ఉంది? బొల్లారంలో అడగొచ్చు, జీడిమెట్లలో అడగొచ్చు, తుర్కపల్లిలో ఏ మంగళవారమైనా అడగొచ్చు. ఏ ఫ్యాక్టరీ పేలనప్పుడు కూడా ఆ ప్రశ్న పనిచేస్తుంది. ఇంకా బాగా పనిచేస్తుంది.

ఇంకోటి. ఆ శిథిలాలు తీయడం పూర్తికాకముందే, జూలై 5న రాష్ట్రంలో ఒక ఉత్తర్వు వెలువడింది. వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలు పనిచేయించుకోవచ్చట, వారానికి 48 దాటకుండా. అది ఫ్యాక్టరీలకు కాదు అని సర్కారువారు నన్ను సరిదిద్దకముందే నేనే చెబుతున్నా. కాదు. ముహూర్తం మాత్రం చూడండి. పంతులుగారిని అడిగి పెట్టినట్టు లేదూ?

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాత సామెత. మన సర్కార్లు ఆకులు పట్టుకోవడానికి ముందు కమిటీ వేస్తాయి. కమిటీ నివేదిక ఇస్తుంది. నివేదిక బాగానే ఉంటుంది. ఒక్కసారి 2020 మే 7 విశాఖకు వెళ్లండి. ఆర్‌ఆర్ వెంకటాపురం. తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది చచ్చిపోయారు. నిద్రలోంచి లేచి పరిగెత్తుతూ రోడ్డు మీదే కూలిపోయినవాళ్లున్నారు. హైపవర్ కమిటీ ఏం చెప్పింది? సైరన్ మోగించే మీటలు ఆవరణలో 36 చోట్ల ఉన్నాయి. మోగలేదు. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున ఉంది, పైన లేదు. పైన ఉడుకుతుంటే కింద చల్లగానే చూపింది. అదంతా ఎందుకు, చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తనకు లేదని 2019 మేలో ఆ కంపెనీయే ప్రమాణపత్రంలో రాసిచ్చింది. దొంగ తానే వచ్చి సంతకం పెట్టి చెప్పాడు. మనవాళ్లు దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టారు. ఫైలు భద్రంగానే ఉంది.

ఆ నివేదిక చదివి ఎవరైనా మారారా? 2024 ఆగస్టు 21, అచ్యుతాపురం సెజ్, ఎసెన్షియా. మధ్యాహ్న భోజన వేళ. పైనుంచి సాల్వెంట్ లీకైంది, ఆవిరి కమ్మింది, పేలింది. 17 మంది. భోజనానికి చాలామంది బయటికి వెళ్లి ఉన్నారు కాబట్టి 17 దగ్గర ఆగింది. ఇక్కడ జనాన్ని కాపాడింది సేఫ్టీ మాన్యువల్ కాదు. పప్పూ అన్నం.

మరి చట్టం ఏం చేస్తోంది అంటారా? షామీర్‌పేటలో ఉండి ఆ మాట అడగడం బాగోదు. దేశంలో పేరుమోసిన న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ ఇక్కడే ఉంది, తుర్కపల్లికి పక్కనే. ఏ విద్యార్థినైనా ఆపి అడగండి. గడగడా చెబుతారు. భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి కొత్త అధ్యాయం చేర్చారు. ప్రమాదకర రసాయనాల గురించి కార్మికుడికీ చుట్టుపక్కల ఊరికీ చెప్పాలి. భద్రతా కమిటీలో కార్మికులు కూర్చోవాలి. ముప్పు ముంచుకొస్తుంటే హెచ్చరించే హక్కు కార్మికుడిది. కాగితం మీద కడిగిన ముత్యం. ఆచరణలో? తుర్కపల్లి ఊళ్లో ఎవరినైనా అడగండి, పక్క ప్రహరీ లోపల ఏ డ్రమ్ముల్లో ఏముందని. "మందుల కంపెనీ సార్" అంటారు. అంతే తెలుసు. చెప్పినవాడు లేడు.

శిక్ష ఎంతో చెబితే నవ్వొస్తుంది. ఏడుపు కలిసిన నవ్వు. ఆ ఫ్యాక్టరీల చట్టంలో నిబంధనల ఉల్లంఘన వల్ల మనిషి చనిపోతే జరిమానా 25,000 రూపాయలకు తగ్గకూడదని ఉండేది. తగ్గకూడదట! ఎంత కరుణ! మేనేజర్ చేతిలో ఫోను దానికంటే ఖరీదు. 2020లో చేసిన కొత్త కోడ్‌ను 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చారు. అందులో చావుకు కనీస జరిమానా 5 లక్షలు, అందులో సగమైనా బాధితులకు ఇవ్వమని కోర్టు చెప్పొచ్చు. పెరిగింది, సంతోషం. అదే కోడ్ కరెంటు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనే లెక్కను 20కి పెంచింది. పంతొమ్మిది మంది ఉన్న షెడ్డు ఇప్పుడు ఫ్యాక్టరీ కాదు. అక్కడి బాయిలర్‌కు ఆ సంగతి ఎవరు చెబుతారు? తలలు లెక్కపెట్టి పేలుతుందా అది? ఇన్‌స్పెక్టర్ పేరు కూడా మార్చారు. ఇప్పుడాయన 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'. అంటే తనిఖీ చేస్తూనే సాయం కూడా చేస్తాడన్నమాట. సాయం ఎవరికో మీరే ఊహించుకోండి.

కంపెనీలకు ఇలా సాయం చేయడంలో మనం దేశానికే పాఠాలు చెప్పినవాళ్లం. తెలంగాణ 2014లోనే టీఎస్-ఐపాస్ చట్టం తెచ్చింది. పూర్తి పేరులోనే 'స్వీయ ధ్రువీకరణ' ఉంది. పెద్ద ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులు. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 1,000 రూపాయల జరిమానా. 2016లో సులభ వ్యాపార ర్యాంకుల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి మొదటి స్థానం కొట్టాయి. కేకులు కోశారు. అన్నీ మంచివే. ఉద్యోగాలు రావాలి, పరిశ్రమలు రావాలి, ఎవరు వద్దన్నారు? ఒక్క చిన్న సందేహం. అనుమతి ఆలస్యం చేసిన అధికారికి జరిమానా ఉంది. తనిఖీకి అసలు వెళ్లని అధికారికి ఏముంది? బదిలీ. అదీ కోరుకున్న చోటికి.

స్వీయ ధ్రువీకరణ అంటే పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకోవడం. మా ప్లాంటు క్షేమంగా ఉందని మేమే ధ్రువీకరిస్తున్నాం, ఇట్లు, సంతకం. అదే రాజీవ్ రహదారి మీద బండి నడిపేవాడు 'నేను హెల్మెట్ పెట్టుకున్నానని నేనే ధ్రువీకరిస్తున్నా' అంటే ట్రాఫిక్ పోలీసు ఊరుకుంటాడా? వాడి ఫొటో తీసి, వాడి ఫోనుకే చలానా పంపుతాడు. ఒక్క నెత్తికి కెమెరా. వందల నెత్తులకు సంతకం.

ప్రమాదం జరిగాక వచ్చే మాట ఒకటుంది. 'మానవ తప్పిదం'. ఈ మాట కనిపెట్టినవాడికి పద్మశ్రీ ఇవ్వాలి. ఎందుకంటే ఆ మానవుడు ఎప్పుడూ కింది మానవుడే. పన్నెండు గంటల షిఫ్టు చేసి, మనిషి రాలేదని రెండో షిఫ్టు కూడా చేసి, వాల్వు తిప్పడం మరిచినవాడు మానవుడు. ఇద్దరు చేయాల్సిన పనికి ఒక్కణ్నే పెట్టినవాడు? సెన్సరు చెడిపోయిందని మూడు ఇండెంట్లు పెడితే 'వచ్చే క్వార్టర్ చూద్దాం' అన్నవాడు? వాళ్లు మానవులు కారా? కారనే నా అనుమానం.

బోర్డులు ఏ భాషలో ఉన్నాయో కూడా చూడండి. ఇంగ్లిషులో, దయ తలిస్తే తెలుగులో. పనిచేసేది ఒడియా వాడు, భోజ్‌పురి వాడు. వాడికి అర్థమయ్యేది ఒక్క పుర్రె బొమ్మ. శిక్షణ ఇచ్చారా అంటే ఇచ్చారు. చేరిన రోజున అరగంట వీడియో. కింద వేలిముద్ర. తనకేం తెలియదో వాడికే తెలియనప్పుడు, తెలిసిందని వేలిముద్ర వేయించుకోవడంలో మన హెచ్ఆర్‌లు దిట్టలు. పైగా వాడు కంపెనీ మనిషి కాడు, కాంట్రాక్టరు మనిషి. కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టరు. వాడి కింద ఊరి నుంచి తోలుకొచ్చిన మేస్త్రీ. చచ్చాక ఎవరి మనిషో తేల్చేసరికి శవం ఊరు చేరుతుంది.

ఇక సంస్కృతి గురించి. పెద్దమాట. చెర్నోబిల్ పేలాక అణుశక్తివాళ్లు తొలిసారి 'సేఫ్టీ కల్చర్' అన్నారు. ఇప్పుడు ప్రతి వార్షిక నివేదికలో అది ఉంటుంది, పచ్చటి బొమ్మల పక్కన. ఉందో లేదో తేల్చడానికి కన్సల్టెంట్లు, స్కోరు కార్డులు ఏవీ అక్కర్లేదు. ఒకటే పరీక్ష. రోజుకూలీ మీద వచ్చిన కుర్రాడు 'ఈ వాసన తేడాగా ఉంది, మిషన్ ఆపండి' అంటే ఆపుతారా? ఆపి, లోపలేమీ లేదని తేలితే, మరుసటి రోజు వాణ్ని గేటు లోపలికి రానిస్తారా? చెప్పండి. మీ ప్లాంటులో ఆపుతారా? బ్యాచ్ మధ్యలో? నెలాఖరులో? డిస్పాచ్ రోజున?

ఎందుకండీ ఆ నేల చూపులు?

దీనికి ఒక మందు ఉంది. పాతదే. 1802లో అమెరికాలో డుపాంట్ అనే ఆయన బ్రాండీవైన్ ఏటి ఒడ్డున తుపాకీ మందు మిల్లులు పెట్టాడు. తుపాకీ మందు! అక్కడ చిన్న రవ్వ చాలు. 1811లో ఒక నియమం పెట్టుకున్నారు. కొత్త మిల్లు కట్టినా, పాతది బాగుచేసినా, పై యాజమాన్యంలో ఒకరు స్వయంగా నడిపి చూపితేనే కార్మికుడు లోపల అడుగుపెట్టాలి. ఆ కుటుంబం ఇల్లు కూడా మిల్లుల పక్క గుట్ట మీదే. అయినా 1818లో పెద్ద పేలుడు జరిగింది, ముప్పై మందికి పైగా పోయారు. దేవుళ్లేం కారు వాళ్లు. కానీ పేలితే తమ కిటికీ అద్దాలూ పగులుతాయని తెలిసి బతికారు.

మన అయ్యగార్లు ఎక్కడుంటారు? జూబ్లీహిల్స్‌లో. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి షామీర్‌పేట దగ్గర దిగి, సైటుకు వచ్చి, తెల్ల హెల్మెట్ పెట్టుకుని ఫొటో దిగి, భోజనం వేళకు వెళ్లిపోతారు. నాదొక మనవి. ఇకమీదట స్వీయ ధ్రువీకరణ అలాగే ఉండనివ్వండి. సంతకం పెట్టినవాడు కుటుంబంతో సహా ప్లాంటు ప్రహరీకి ఆనుకుని కాపురం ఉండాలని ఒక్క వాక్యం చేర్చండి. ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ గారికి పక్క వాటా. పరిశ్రమల మంత్రిగారికి, ఎవరైనా సరే, ఎదురిల్లు. డాబా మీద బట్టలు ఆరేస్తే ఏ వాసన పడుతోందో ఇంట్లో ఆడవాళ్లే చెబుతారు. ల్యాబు రిపోర్టు అక్కర్లేదు. రాత్రి మూడింటికి సైరన్ మోగకపోతే తలుపు కొట్టడానికి మేనేజర్ ఇల్లు పక్కనే ఉంటుంది.

స్థలం కొరత లేదు. తుర్కపల్లి చుట్టూ రియల్ ఎస్టేట్ వాళ్లు 'జీనోమ్ వ్యాలీకి ఐదు నిమిషాలు' అని బోర్డులు పాతి ప్లాట్లు అమ్ముతూనే ఉన్నారు. క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్, వాస్తు పక్కా. కొంటారా సార్?